బావి గట్టు మీద కోడిచారు

నా చిన్నప్పుడు మా ఇంట్లో కోడిచారు కాగిందంటే దాని వెనక ఏదో ఒక కారణం ఉండేది. పండగకు, చుట్టాలకు కూర వండేవాళ్ళు గానీ చారు కాదు. ఎవరికైనా జ్వరం వచ్చి తగ్గినాక కాళ్ళలో బలం రాకపోతేనో, బాలింత లేచి తిరగాల్సి వస్తేనో, చలికి ముసలివాళ్ళ దగ్గు ఆగకపోతేనో మా అవ్వ చారు కాచేది. కూరలో ముక్క తింటాము, చారులో ఎముకను తాగుతాము అని ఆమె లెక్క. ఇప్పుడు నాకు ఆమె వయసు వచ్చింది. గ్యాసు పొయ్యి మీద, కుక్కరులో, నేనూ చలికాలంలో అదే చారు కాస్తుంటాను. నా మనవరాలు దాన్ని సూపు అంటుంది. పేరేదైనా సరే, మూత తీసినప్పుడు ఆ ఆవిరి ముఖానికి తగిలితే చాలు, నాకు మా బావి గుర్తుకొస్తుంది.

మాది గార్లదిన్నె దగ్గర ఒక చిన్న పల్లె. ఊరికి పడమర పక్క మాకు కొంచెం మెట్ట చేను ఉండేది. వాన పడితే చెనక్కాయ, పడకపోతే కూలిపని. అంతకు మించి ఆ చేనుకు వేరే బతుకు లేదు. నేను అయిదో తరగతి చదివే ఏడు చెనక్కాయ పూత మీదున్నప్పుడు వాన మొహం చాటేసింది. కాయ కట్టే ఊడలు మట్టిలోకి దిగకుండానే చెట్లు ఎండిపోయినాయి. ఆ ఎండిన చెట్లను పశువులకు పీకి వేస్తూ మా నాయన, ఈ చేనులో బావి తవ్వుతానని అన్నాడు. ఊరికే మాట జారే మనిషి కాదు ఆయన. అందుకే ఆ మాట అన్నాక ఎవరూ ఎదురు చెప్పలేదు.

తవ్వడానికి మా నాయన, మా చిన్నాయన, ఊళ్ళో మాకు వరసయ్యే మరి కొందరు కుదిరినారు. కూలికి కాదు, బదులుకు బదులు. ఈ ఏడు మా బావికి వాళ్ళు వస్తే, వచ్చే ఏడు వాళ్ళ చేలల్లో పనికి మా వాళ్ళు పోవాలి. పంట కోతలు లేని ఏడు కాబట్టి చేతులు ఖాళీగా ఉన్నాయి. పొద్దున్నే చలిలో పలుగులూ పారలూ భుజాన వేసుకొని పోయేవాళ్ళు, చీకటి పడే ముందు ఒళ్ళంతా ఎర్రమట్టితో తిరిగొచ్చేవాళ్ళు.

మా అవ్వ గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా నాయనకు అమ్మ ఆమె. సన్నగా, పొడుగ్గా, నిటారుగా ఉండేది. పుట్టినిల్లు బత్తలపల్లె దిక్కున. బావులు తవ్వి బతికే ఇంట్లో పుట్టి, పెళ్ళయ్యేదాకా అన్నదమ్ములతో పాటు మట్టి గంపలు మోసిన మనిషి. అయితే మా ఊరికి కోడలుగా వచ్చినాక ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆమె కూడా చెప్పుకోలేదు. మాకు తెలిసిన అవ్వ వేరు. మాకు ఆమె పొయ్యి దగ్గర మనిషి, కోళ్ళను సాకే మనిషి. బావికి మొదటి పార వేసిన రోజే, నీళ్ళు పడితే ఒక పుంజును ఇస్తానని ఊరి అమ్మవారికి మొక్కుకొని, ఒక ఎర్రటి పుంజును ప్రత్యేకంగా గింజలు వేసి పెంచుతుండేది.

పుష్యమాసం వచ్చేసరికి నీళ్ళు పడినాయి. ఊరంతా వచ్చి చూసిపోయినారు. కానీ నీళ్ళతో పాటు ఒక కష్టం కూడా వచ్చింది. బావికి ఒక మూల, అడుగున, మెత్తటి ఇసుక పొర బయటపడింది. నీళ్ళు ఊరే కొద్దీ ఆ ఇసుక జారుతూ ఉంది. దానికి అడ్డంగా రాతి కట్టడం లేపకపోతే పైనున్న గట్టు మొత్తం బావిలోకి దిగిపోతుంది, ఇన్నాళ్ళ కష్టం పూడిపోతుంది. నీళ్ళు తోడడానికి పక్క ఊరి రైతును బతిమాలి నూనె ఇంజను తెచ్చినారు. అది ఒక్క రోజుకే. మరుసటి రోజు ఆయన చేనుకు తిరిగి ఇచ్చెయ్యాలి. కాబట్టి ఆ మూల కట్టడం ఆ ఒక్క పగటిపూటే అయిపోవాలి.

ఆ రోజు ఎక్కడిదో తుపాను ముసురు మా దాకా వచ్చింది. మా దిక్కున చలికాలంలో ఎండ కాస్తుంది, పొద్దున సాయంత్రం మాత్రమే చలి. ఆ రోజు అట్లా కాదు. పొద్దే కనబడలేదు. సన్నటి తుంపర, దానికి తోడు గాలి. మేము ఇంట్లో పొయ్యి చుట్టూ చేరినాము. బడి లేదో, నేను పోలేదో ఇప్పుడు గుర్తు లేదు. పొద్దు కొంచెం ఎక్కినాక మా చిన్నాయన మోకు తీసుకుపోవడానికి ఇంటికి వచ్చినాడు. పంచె నుంచి నీళ్ళు కారుతున్నాయి.

“అన్న తెల్లారినప్పటి నుంచి నీళ్ళలోనే ఉండాడు వదినా,” అన్నాడు మా అమ్మతో. “ఇసుకకు చెక్క పలక అడ్డం పెట్టి వీపుతో ఆనుకోని నిలబడినాడు. కింద బురద, ఊతకర్ర నిలబడదు. మేము మారతామంటే ఒప్పుకోడు. పెదవులు నల్లగా అయిపోయినాయి.”

మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా అవ్వ లేచి పెరట్లోకి పోయి, గంప ఎత్తి, ఎర్రపుంజును చంకన పెట్టుకొని వచ్చింది.

“అత్తా, అది అమ్మోరికి అనుకున్న పుంజు గదా,” అంది మా అమ్మ మెల్లగా.

“నీళ్ళు పడితే ఇస్తా అన్నా. పడినాయి. ఆ నీళ్ళలో ఎవురు నిలబడినారో అమ్మోరు కూడా చూస్తానే ఉంటాదిలే. ముందు నువ్వు ధనియాలు ఏంచు.”

ఆ తర్వాత జరిగిన వంటను నేను ఇప్పటికీ కళ్ళు మూసుకొని చెప్పగలను. చెనక్కాయ తొక్కల మంట మీద పుంజును కాల్చి, పసుపు పూసి, చేత్తో రుద్ది రుద్ది కడిగింది. ముక్కలు చిన్నవిగా కొట్టింది. తొడ ఎముకలను కత్తి వెనక భాగంతో పగలగొట్టి, లోపలి మూలుగ చారులోకి దిగేట్టు చేసింది. గొడవ విని పక్కింటి అక్క గోడ మీదుగా చూసి, అడగకుండానే వచ్చి రోలు ముందు కూర్చుంది. ఆ అక్క గొంతు పెద్దది, చేతులు ఇంకా పెద్దవి. ఏంచిన ధనియాలు, మిరియాలు, ఎండుమిరపకాయలు, చెక్క, లవంగాలు, ఎండుకొబ్బరి, పిడికెడు చెనక్కాయ గింజలు, అన్నీ కలిపి వెన్నలాగా నూరింది. తెల్లగడ్డలు పొట్టు తీసే పని నాది. గోళ్ళు మండుతున్నా ఆపలేదు.

పెద్ద తపేలాలో చెనక్కాయ నూనె కాగినాక ఎర్రగడ్డలు వేసి, అవి రంగు మారేదాకా తిప్పి, ముక్కలు వేసి, ముక్కల్లో నీరు ఇగిరేదాకా అవ్వ అక్కడి నుంచి కదలలేదు. నూరిన ముద్ద వేసినప్పుడు లేచిన ఘాటుకు మేమందరమూ తుమ్మినాము. అప్పుడు కాగబెట్టిన నీళ్ళు పోసింది. చన్నీళ్ళు పోస్తే ముక్క బిగుసుకుంటుందని చెప్పింది. మూత మీద కూడా కొన్ని నీళ్ళు పోసి, మంట తగ్గించి, చాలాసేపు వదిలేసింది. ముదురు పుంజు కదా, తొందరపడితే లొంగదు. మా అమ్మ ఇంకో పొయ్యి మీద రాగిసంగటి కెలికింది. చివర్లో అవ్వ గుప్పెడు రాగిపిండిని నీళ్ళలో కలిపి చారులో పోసింది. పలచగా ఉన్నది చిక్కబడి, గరిటెకు అంటుకునేట్టు అయింది. కరేపాకు తుంచి వేసి మూత పెట్టింది. ఉప్పు సరిపోయిందో లేదో నోట్లో వేసుకొని చూడలేదు. ఆవిరి వాసన చూసి తలూపింది, అంతే.

తపేలా మీద గోనెపట్ట చుట్టి మా అమ్మ నెత్తిన పెట్టుకుంది. సంగటి ముద్దల గంప అక్క ఎత్తుకుంది. గిన్నెలు నేను. అవ్వ మా ముందు, చేతిలో గరిటెతో. చేనుకు పోయే దారంతా బురద. ఇంజను చప్పుడు దూరం నుంచే వినబడుతూ ఉంది.

బావి గట్టు మీద తపేలా దించి మూత తీసేసరికి ఆ వాసన గాలిలో కలిసి కిందికి దిగినట్టుంది. మా చిన్నాయన, మిగతావాళ్ళు తలెత్తి చూసినారు. మెట్లకోసం వదిలిన వాలు మీదుగా ఒక్కొక్కరు పైకి వచ్చినారు. మా నాయన మాత్రం రాలేదు. నేను గట్టు మీద బోర్లా పడుకొని చూసినాను. నడుము దాకా బురదనీళ్ళు. వీపు వెనక పలక, పలక వెనక ఇసుక. రెండు చేతులూ వెనక్కి పెట్టి నొక్కి పట్టుకొని, గోడకు కొట్టిన మేకులాగా ఉన్నాడు. ముఖం బూడిద రంగుకు తిరిగింది.

“రాప్పా పైకి,” అంది అవ్వ.

“నేను కదిలితే జారతాది. ఈడికే పంపియ్‌మ్మా.”

మా చిన్నాయన గిన్నెలో చారు పోసి తాడు కట్టి దించినాడు. మా నాయన పలకను వీపుతోనే పట్టి, రెండు చేతులతో గిన్నె అందుకున్నాడు. ఆ చేతులు ఎంత వణికినాయంటే, గిన్నె నోటి దాకా పోకముందే చారు మొత్తం నీళ్ళలో ఒలికిపోయింది. పసుపురంగు నూనె చుక్కలు బురదనీళ్ళ మీద తేలుతూ ఇంజను గొట్టం దిక్కు పోయినాయి. మా నాయన వాటినే చూస్తూ ఉండిపోయినాడు.

అవ్వ గరిటె నా చేతికిచ్చింది. చీర కుచ్చిళ్ళు వెనక్కి తీసి గోచి బిగించింది. మేము చూస్తుండగానే, ఆ వాలు మీద ఒక చేత్తో రాళ్ళు పట్టుకుంటూ, బావిలోకి దిగిపోయింది. మా చిన్నాయన ఆపబోతే చెయ్యి విదిలించింది. ఆ అడుగులు వేసే తీరు చూస్తే తెలిసింది, ఆ కాళ్ళకు బావి కొత్త కాదని.

“ఏమ్మా, నువ్వెందుకు దిగినావు?” అన్నాడు మా నాయన.

“జరుగు.”

“చెప్తే అర్థం కాదా నీకు? నేను తీస్తే ఇసుక వచ్చి పడతాది.”

“అందుకే దిగినా. ముందు నేను వీపు ఆనిస్తా. తర్వాత నువ్వు తియ్. నేను మా పుట్టినింట్లో ఇట్లాంటి పలకలకు వీపు ఆనించే కాలానికి మీ నాయన మొగమే చూసిండలేదు. ఇంక నువ్వు యాడున్నావు?”

ఆమె నీళ్ళలోకి దిగి, ఆయన పక్కనే వీపు పెట్టి, మడమలు బురదలో పాతుకుంది. చలికి ఒక్కసారి ఊపిరి ఎగపీల్చింది. అది పైకి కూడా వినబడింది. ఆ శబ్దానికి మా అమ్మ ఇంక ఆగలేదు. ఎవరినీ అడగలేదు, ఎవరి ముఖమూ చూడలేదు. మగవాళ్ళ ముందు గట్టిగా మాట్లాడని మనిషి, చీర ఎగదోపుకొని అత్త వెనకే దిగింది. “నేను మాత్రం ఈడ కూర్చొని ఏం జేస్తా,” అంటూ పక్కింటి అక్క కూడా దిగింది. మా నాయన ఒక్కడి వీపు తావులో ముగ్గురు ఆడవాళ్ళ వీపులు ఆనినాయి. అప్పుడు ఆయన మెల్లగా, అంగుళం అంగుళంగా పక్కకు జరిగినాడు. పలక కదలలేదు.

మా నాయన పైకి వచ్చి కూర్చున్నాక కూడా గిన్నె పట్టుకోలేకపోయినాడు. నేనే ఆయన నోటికి అందించినాను. మొదటి గుటక మింగినప్పుడు కళ్ళు మూసుకున్నాడు. రెండో గిన్నెకు పెదవుల రంగు మారింది. మూడో గిన్నె తనే పట్టుకున్నాడు. మిరియాల ఘాటుకు ముక్కు నుంచి నీళ్ళు కారుతుంటే భుజం మీద తుడుచుకుంటూ, “ఇంకొంచెం పొయ్యి పాపా,” అన్నాడు. నాకు ఆయన అంత మెత్తగా మాట్లాడినట్టు అంతకుముందు గుర్తు లేదు. మిగతావాళ్ళు గబగబా మింగి లేవబోతే ఆయనే ఆపినాడు.

“నిదానంగా తాగండప్పా. ఆడ ముగ్గురుండారు.”

మా చిన్నాయన మాత్రం తొందరగా ముగించి కిందికి పోయి రాళ్ళు పేర్చడం మొదలుపెట్టినాడు. కింద నుంచి అవ్వ గొంతు వినబడుతూ ఉంది. ఆ రాయి తిప్పి పెట్టు, వెడల్పు మొగం లోపలికి ఉండల్ల, సందులో గరుసు రాళ్ళు కూరు, అని చెబుతూనే ఉంది. మా చిన్నాయన ఎదురు చెప్పకుండా చెప్పినట్టే చేసినాడు. మా నాయన ఒళ్ళు వెచ్చబడి మళ్ళీ దిగినాక కూడా అవ్వ తావు ఇవ్వలేదు. ఈ వరస అయ్యేదాకా నువ్వు రాళ్ళు అందియ్, వీపు మాది, అంది. అట్లా ఆ ముగ్గురి వీపుల కింద, పలక అడుగున, ఒక వరస రాళ్ళు ఈ మూల నుంచి ఆ మూలకు లేచి, ఇసుక జారడం ఆగిపోయింది. మిగతా వరసలు దాని మీద మగవాళ్ళు కట్టినారు.

వాళ్ళు ముగ్గురూ పైకి వచ్చినప్పుడు పళ్ళు టకటకమంటున్నాయి. తపేలాలో ఇంక చారు ఉండదని నేను భయపడినాను. కానీ గరిటె ముంచితే అడుగున చిక్కటి చారు ఉంది, ముక్కలన్నీ ఉన్నాయి. మగవాళ్ళెవరూ ముక్క ముట్టుకోలేదు. పై చారే తాగి, సంగటి తిని, ముక్కలను అట్లాగే వదిలేసినారు. ఎవరు చెప్పినారో నాకు తెలియదు. మా నాయన నా చేతి నుంచి గరిటె తీసుకొని, గోనెపట్టలు కప్పుకొని కూర్చున్న ఆ ముగ్గురికీ తనే వడ్డించినాడు. ముందు వాళ్ళమ్మకు, తర్వాత పక్కింటి అక్కకు, తర్వాత మా అమ్మకు. మా ఊళ్ళో ఒక మగవాడు నలుగురి ముందు పెళ్ళానికి గిన్నె అందించడం నేను చూసింది అదే మొదలు. మా అమ్మ సిగ్గుపడి తల వంచుకొని తాగింది. అక్క మాత్రం ఇంకో ముక్క వెయ్యన్నా అని అడిగి వేయించుకుంది. అందరూ నవ్వినారు.

పొద్దు వాలేసరికి ఇంజను ఆపినారు. రాత్రంతా నీళ్ళు ఊరినా ఆ గోడ కదలలేదు. అమ్మవారికి మరుసటి ఏడు ఇంకో పుంజును ఇచ్చి అవ్వ తన మొక్కు తీర్చుకుంది. ఆ బావి నీళ్ళతో మేము చెనక్కాయే కాదు, వరి కూడా చూసినాము. అడుగున ఉన్న ఆ రాళ్ళకు ఊళ్ళో ఒక పేరు వచ్చింది. అత్తాకోడండ్ల వరస అంటారు. ఎండాకాలం నీళ్ళు తగ్గి ఆ వరస బయటపడినప్పుడు, కొత్తగా వచ్చిన కోడండ్లకు, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకు వేలు పెట్టి చూపేవాళ్ళు. పక్కింటి అక్కకు మాత్రం తన పేరు అందులో లేదని కోపం. నేనేమన్నా అత్తనా, కోడలినా అని అడిగేది. ఇప్పుడు అక్కడ బోరు ఉంది, బావిలో నీళ్ళు నిలిచే రోజులు తక్కువ. అయినా ఆ వరసలో ఒక్క రాయి కూడా పక్కకు జరగలేదు. మా ఊరి పిల్లలకు ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతు నాకే పెద్దగా వినిపిస్తుంది.

ఆ సాయంత్రం అవ్వ పొయ్యి ముందు కాళ్ళు చాపుకొని కూర్చుంది. నేను ఆ పాదాలకు వెచ్చటి నూనె రుద్దుతూ, నాయనకు ఇంకో గిన్నె దించి ఉంటే సరిపోయేది కదా, నువ్వెందుకు దిగినావు అని అడిగినాను. ఆమె పొయ్యిలోకి ఒక పుల్ల ఎగదోసింది.

“చేతిలో పని పెట్టుకొని ఎవురూ తినలేరు పాపా. తిను తిను అంటే ఏమొస్తాది? ముందు ఆ పని మనం అందుకోవల్ల. ఆ తర్వాతే గిన్నె ఇయ్యల్ల.”

నేను పెద్దదాన్నై, నా ఇల్లు నేను నడుపుకునే రోజుల్లో ఈ మాట విలువ తెలిసింది. పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకున్న తల్లికి అన్నం పళ్ళెం ఇస్తే అది అన్నం పెట్టడం కాదు. బిడ్డను ముందు ఎత్తుకోవాలి. పరీక్షలకు చదువుకునే పిల్లకు ఎసరు కాగిందేమో చూసి రమ్మని చెబుతూ తినమంటే అది ప్రేమ కాదు. నేను ఎంతమందికి ఎంత వండిపెట్టినానో చెప్పలేను గానీ, వాళ్ళ చేతులు ఖాళీ చేసినాకే పెట్టినానని మాత్రం గట్టిగా చెప్పగలను. అది మా అవ్వ నాకిచ్చిన గర్వం.

మొన్న చలికాలంలో మా వీధిలో ఉండే ఒకామె భర్తకు ఒంట్లో బాగలేక అనంతపురంలో ఆసుపత్రిలో చేర్చినారు. ఆమె ఆయన మంచం విడిచి కదలడం లేదని, టీ బన్నుతోనే ఉందని తెలిసింది. నేను ఒక నాటుకోడిని తెప్పించి, ఎముకలు పగలగొట్టి, చారు కాచి, క్యారియర్లో పోసుకొని బస్సెక్కి పోయినాను. ఆమె నన్ను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకొని, ఈడే పెట్టు పెద్దమ్మా, తర్వాత తాగుతాలే అంది. ఒక చేత్తో భర్త చెయ్యి పట్టుకొనే ఉంది, సెలైను సూది పెట్టిన ఆ చెయ్యిని ఆయన కదిలించకుండా.

నేను క్యారియర్ ఇవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కొని, ఆయన చెయ్యి కింద నా చెయ్యి పెట్టి, నేను పట్టుకున్నాను, నువ్వు తియ్ అన్నాను. ఆమె మెల్లగా తన చెయ్యి తీసుకుంది. అప్పుడు చెప్పినాను, బయట వరండాలో ఎండ ఉంది, పోయి నిదానంగా తాగి రా అని.